ఐవింద్ కూతురి బాణీ

రైలెక్కిన దగ్గర్నుంచి ఓస్మున్ ఫిడేలు పెట్టెను ఒడిలోంచి దించలేదు. సామాను పెట్టుకునే పై బల్ల ఖాళీగా ఉంది, పక్క సీటూ ఖాళీయే. అయినా చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని, కిటికీలోంచి మంచుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న భార్య హేగె కింద పెట్టమని చెప్పి చూసింది. వినకపోయేసరికి విసుక్కుని, మేకపాల జున్ను పెట్టిన రొట్టెముక్క తీసి అతని నోటి దగ్గర పట్టింది. అతను చేతులు కదపకుండానే కొరికాడు.

నిజానికి సంబరంగా వెళ్లాల్సిన ప్రయాణం ఇది. దేశంలోని రికార్డు కంపెనీలన్నీ కలిసి ఏటా చలికాలంలో ఓస్లోలో పెద్ద సభ పెట్టి, ఆ ఏడు వచ్చిన రికార్డులకు బహుమతులిస్తాయి. టీవీలో అది వస్తున్నంతసేపూ నార్వే అంతా కాఫీ కాచుకుని సోఫాలకు అతుక్కుపోతుంది. పాప్ పాటల వాళ్లకీ డాన్సు బాండ్లకీ ఇచ్చినట్టే ఈసారి కొండపల్లెల ఫిడేలుకి కూడా ఒకటి ఇద్దామని అక్కడెవరికో బుద్ధి పుట్టింది. అది తెలెమార్క్ లోయలో చలికాలమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుకుంటూ, పెళ్లిళ్లలో ఫిడేలు వాయించే ఓస్మున్‌ని వరించింది. మనిషికి అరవై దగ్గరపడ్డాయి. జీవితం మొత్తం మీద చేసింది ఒక్క రికార్డు.

ఆ ఒక్క రికార్డే అతని ప్రాణం మీదికి తెచ్చింది. ఎందుకంటే గూరో దాన్ని తిప్పి పంపేసింది.

గూరో అంటే ఓస్మున్‌కి ఫిడేలు బాణీలన్నీ నేర్పిన మనిషి. ఎనభై దాటి, గుండె బలహీనపడి, లోయ చివర వృద్ధుల ఆశ్రమంలో ఉంటోంది. శరదృతువులో రికార్డు రాగానే మొదటి ప్రతి ఆమెకే పట్టుకెళ్లి ఇచ్చాడు. చూపు ఆనక, అట్ట వెనక ఏం రాశారో చదవమని నర్సుని అడిగిందట. మర్నాడు అతను తెచ్చిన కాగితంలోనే చుట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేసింది. పరుగున వెళ్లాడు. ఆమె అతని ముఖం చూడకుండా ఒకే ఒక్క మాట అంది.

"మా నాన్న ఫిడేలు ఒకసారి కాలింది. రెండోసారి నువ్వు తగలబెట్టావు."

అంతే. ఆ తర్వాత ప్రతి ఆదివారం మొగుడూ పెళ్లాలిద్దరూ వెళ్తూనే ఉన్నారు. గూరో హేగెతో మోకాళ్ల నొప్పుల గురించీ, ఆశ్రమంలో పెట్టే నీళ్ల కాఫీ గురించీ చెప్పేది. ఓస్మున్ ఆ గదిలో కుర్చీలాగా కూర్చుని లేచి వచ్చేవాడు. అతని గుండెల్లో ఏదో పుల్ల విరిగి ఉండిపోయినట్టుండేది.

ఆ లోయలో ఫిడేలు వాయించేవాడు విల్లును తీగకు ఆనించేముందు ఒక మాట చెప్పాలి: ఈ బాణీ ఫలానా మనిషి నుంచి వచ్చింది అని. పెళ్లిలో తాగి తూలుతున్నవాళ్ల ముందయినా సరే, చలికి వణుకుతున్న నలుగురి ముందయినా సరే. ఆ ఫలానా మనిషి ఎప్పుడో పోయి ఉండొచ్చు. చర్చి వెనక అతనికి రాయి కూడా నిలబెట్టి ఉండకపోవచ్చు. పేరు మాత్రం బాణీ వెంట నడుస్తుంది. చెప్పకుండా వాయించినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఇంకోసారి పిలవరు.

ఓస్మున్ చెప్పకపోలేదు. ఓస్లో నుంచి టేపు రికార్డరు మోసుకొచ్చిన ప్రేబెన్ అనే గడ్డం కుర్రాడి ముందు ప్రతి బాణీకీ పేరు చెప్పాకే వాయించాడు. ప్రేబెన్ చెడ్డవాడేం కాదు. ఊలు స్వెట్టరు వేసుకుని, హేగె వండిన జావ మూడు గిన్నెలు తాగి, ఈ సంగీతం బతకాలండీ అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాడే. కానీ పట్నం వెళ్లి ఆ మాటలన్నీ గొంతు సవరించుకోవడం కిందే జమకట్టి టేపులోంచి కత్తిరించి పారేశాడు. అట్ట వెనక అన్నిటికీ కలిపి 'పాతకాలపు బాణీలు' అని ఒకే ముక్క వేశాడు. తక్కిన చోటంతా ఒక కొండ ఫోటో. కొండకి చోటు కావాలి కదా మరి.

గూరో తండ్రిని కుంటి ఐవింద్ అనేవారు. మూడు లోయల్లో అంతటి వాయిద్యగాడు లేడని పేరు. గూరో చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఊరిమీదికి బోధకులు వచ్చి, ఫిడేలు సైతాను చేతి పనిముట్టనీ, దాన్ని వాయించే చేతులు నరకంలో కాలతాయనీ ఏడాదిపాటు చెప్పారు. ఒకరోజు ఐవింద్ తన ఫిడేలును తనే పొయ్యిలో పెట్టాడు. ముత్యపు చిప్ప పొదిగిన చెక్క చిటపటమంటూ కాలుతుంటే కూతురు పక్కనే నిలబడి చూసింది. ఆయన ఆ తర్వాత మళ్లీ ఫిడేలు ముట్టలేదు. కానీ పశువుల కొట్టంలో ఒంటరిగా ఉన్నాననుకున్నప్పుడు నోటితో కూనిరాగం తీసేవాడు. గడ్డి వెనక కూర్చుని గూరో వాటన్నిటినీ మింగేసింది. ఆడపిల్ల చేతికి ఫిడేలు ఇచ్చే కాలం కాదది. ఇద్దామన్నా ఇంట్లో ఫిడేలు లేదు.

ఓస్మున్ పక్కింటి పిల్లవాడు. పదేళ్లప్పుడు పాలకుండలు మోయడానికి గూరో వాళ్ల కొట్టంలోకి వెళ్లి, ఆవు డొక్కకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, పాలధార జోరుకి తగ్గట్టు తడారి తడిరీ అని పాడుతున్న ఆమెను చూశాడు. అప్పటికి ఐవింద్ పోయి చాలా కాలమైంది. పిల్లవాడు తండ్రిని పీడించి ఒక ఫిడేలు సంపాదించుకున్నాడు. ఆమె నోటితో పాడేది, అతను తీగ మీద వెతుక్కునేవాడు. తప్పు పోతే ఆమె ఆవును కసిరేది, అతన్ని కాదు.

"ఎక్కడ వాయించినా కుంటి ఐవింద్ నుంచి అని చెప్పు," అనేది. "నా పేరు ఎత్తావంటే మాత్రం కుండ తీసుకుని నెత్తిన కొడతాను. ఆడదాని పేరు చెప్తే నీ ఫిడేలు ఎవడు వింటాడ్రా?"

చివరగా నేర్పిన బాణీ ఓస్మున్‌కి అన్నిటికన్నా ఇష్టం. రెండు చరణాలు. రెండోది పైకి పైకి లేచి, ఇంకేదో చెప్పబోతూ నోరు మూసుకున్నట్టు చటుక్కున ఆగిపోతుంది. ఇదేంటి పెద్దమ్మా, మధ్యలో తెగిపోయినట్టుంది అని ఎన్నోసార్లు అడిగాడు. నాన్న దగ్గర ఉన్నది అంతే అనేది ఆమె. దాన్ని తల్చుకున్నప్పుడల్లా ఓస్మున్‌కి సగం తిని లేచిన విస్తరి ముందు కూర్చున్నట్టుండేది.

ఈ ప్రయాణానికి ముందురోజు ఆశ్రమానికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. టీవీలో దేశమంతా వినేలా మీ నాన్నగారి పేరు చెప్తాను పెద్దమ్మా అన్నాడు. గూరో కిటికీలోంచి తల తిప్పలేదు. "చూస్తాగా," అంది.

నెలల తర్వాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది. వచ్చేటప్పుడు నర్సు హేగెని పక్కకు పిలిచి, పెద్దావిడ ఈ చలి దాటుతుందని డాక్టరుకి నమ్మకం లేదని చెప్పింది. హేగె ఆ సంగతి బస్టాపు దాకా దాచుకుని ఇక దాచలేకపోయింది.

*

సభ జరిగే హోటలు హాల్లో కెమెరాలు, నల్లటి తాళ్లు, ఎటు చూసినా అద్దాలు. స్టేజీ పనులన్నీ చూసుకునే అమ్మాయి పేరు విబెక. చెవులకు ఫోను తగిలించుకుని, ఎవరితో మాట్లాడుతోందో తెలియకుండా నలుగురితో ఒకేసారి మాట్లాడుతోంది. ఓస్మున్ నిలబడాల్సిన చోట దళసరి తివాచీ ఒకటి పరిచి ఉంది. దాని మీద తెల్ల గీత.

అతను సాయంత్రపు సభకు ముందు ఒకసారి వాయించి చూశాడు. వాళ్ల లోయ ఫిడేలుకి పైన నాలుగు తీగలు, వాటి కింద ఎవరూ ముట్టకుండానే మోగే మరో నాలుగు. చెవికి ఫిడేలు బాగానే వినబడింది. కాలే వినబడలేదు. కొండ ఫిడేలు వాయించేవాడు పాదం నేలకేసి కొడుతూ వాయిస్తాడు, నాట్యం చేసేవాళ్లకు అదే ఆధారం. ఇక్కడ పాదం వేస్తే జావ గిన్నెలో దిగినట్టు దిగిపోయింది. తివాచీ ఎందుకని అడిగితే, ఆ దబదబలు మైకులోకి వస్తున్నాయని సౌండు చూసే అతనే పరిచాడని చెప్పింది విబెక. పైగా రెండు నిమిషాల్లోపు ముగించాలట. మాట్లాడటం అసలు లేదట, చెప్పాల్సినవన్నీ వ్యాఖ్యాతే చెప్తాడట.

"ఒక్క పేరు చెప్పాలమ్మాయ్," అన్నాడు ఓస్మున్. "చెప్పకుండా వాయించలేను."

"మీరు ఆయనకి చెప్పండి, ఆయన చదువుతారు. నిజంగా నా చేతుల్లో లేదండీ. ఆఖర్న వార్తలున్నాయి, ఒక్క నిమిషం జరిగినా నన్ను ఉరితీస్తారు."

ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోవడం కుదరలేదు. మధ్యాహ్నం నుంచి ఆమె ఏమీ తినలేదని హేగె అప్పటికే కనిపెట్టేసి, సంచిలోంచి రొట్టె తీసి చేతిలో పెట్టింది.

వ్యాఖ్యాత ముదురు ఎరుపు మఖమలు కోటులో అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. ఓస్మున్ వెళ్లి కుంటి ఐవింద్ పేరు చెప్పమని బతిమాలాడు.

"ఎవరాయన? మీ మేనేజరా?"

"పోయి అరవై ఏళ్లు దాటిందండి."

వ్యాఖ్యాత నవ్వి, అలాంటి మేనేజరే నాకూ కావాలి అన్నాడు. కానీ మర్యాదస్తుడే. చేతిలో ఉన్న అట్టముక్క మీద ఆ పేరు రాసుకున్నాడు, ఓస్మున్ కళ్ల ముందే. ఓస్మున్ వచ్చి హేగె పక్కన కూర్చుని, పనైపోయింది అన్నాడు. అన్నాడే గానీ మనసు కుదుటపడలేదు. తన నోటితో చెప్తానని మాటిచ్చి ఇంకొకడి నోటికి అప్పజెప్పడం అతనికే నచ్చలేదు.

సభ మొదలైంది. మొదట్లోనే జుట్టు భుజాల దాకా పెంచిన అయిదుగురు కుర్రాళ్లు బహుమతి తీసుకుని, ఒకరి తర్వాత ఒకరు అమ్మకీ, మేనేజరుకీ, బస్సు డ్రైవరుకీ, పోయిన కుక్కకీ కృతజ్ఞతలు చెప్పుకున్నారు. డ్రమ్ములు వాయించేవాడు ఏడ్చాడు కూడా. కెమెరా పక్కన నిలబడ్డ విబెక ముఖం పాలిపోయింది. ఓస్మున్‌కి మాత్రం వాళ్లమీద ముచ్చటేసింది. వాళ్లు కూడా పేర్లే చెప్తున్నారు కదా అనుకున్నాడు.

అతని వంతు వచ్చేసరికి కార్యక్రమం బాగా వెనకబడిపోయింది. వ్యాఖ్యాత చేతిలో అట్టముక్క ఉంది. దానికేసి కూడా చూడకుండా, మన కొండల గుండెల్లోంచి వచ్చిన సంగీతం అంటూ ఒక్క వాక్యంతో చుట్టబెట్టి, "ఓస్మున్!" అని కేకేశాడు. చప్పట్లు. ఎవరో ఒక బరువైన కంచు బొమ్మ తెచ్చి చేతిలో కుక్కారు. ఫిడేలు, విల్లు, బొమ్మ, ఉన్నవేమో రెండు చేతులు. అతను బొమ్మను నేల మీద పెట్టి తెల్లగీత మీద నిలబడ్డాడు. కెమెరా నెత్తిన ఎర్రదీపం వెలిగింది.

ఐవింద్ పేరు రాలేదు. రాదని కూడా అతనికి అర్థమైంది. ఎక్కడో మంచు కింద, ఆశ్రమం హాల్లో, టీవీకి మరీ దగ్గరగా జరిపించుకున్న కుర్చీలో గూరో కూర్చుని చెవులు రిక్కించి వింటోంది. చూస్తాగా అంది. చూస్తోంది. విబెక చెయ్యెత్తి, ఊఁ కానివ్వండి అని సైగ చేసింది.

ఓస్మున్ నోరు తెరిచాడు. దారంతా మననం చేసుకున్న మాట నాలుక చివరే ఉంది. కానీ ఐవింద్‌ని అతను ఎన్నడూ చూడలేదు. ఎంత తల్చుకున్నా ఆ మనిషి ముఖం కళ్ల ముందుకి రాదు. వచ్చింది కొట్టంలో లాంతరు వెలుగు, ఆవు డొక్క, దానికి ఆనించిన చెంప, మూసుకున్న కళ్లు. యాభై ఏళ్లుగా ఈ బాణీ ఎత్తుకున్నప్పుడల్లా వచ్చేది ఆ ముఖమే. నోటితో ఒక పేరు చెప్తూ, లోపల ఇంకొకరిని చూస్తూ వచ్చాడు ఇన్నాళ్లూ.

"ఇది గూరో నుంచి వచ్చింది," అన్నాడు. "కుంటి ఐవింద్ కూతురు గూరో. ఆవిడ నాన్న ఫిడేలు పొయ్యిలో కాలిపోయింది. బాణీ ఆవిడ దగ్గర మిగిలింది. పాలు పితుకుతూ నాకు నేర్పింది."

హాల్లో ఎవరో దగ్గారు. ఓస్మున్ బూటు కొనతో తివాచీని పక్కకు తోశాడు. రోడ్డు మీద మంచు తోసే మనిషికి అదేమంత పని. కింద మంచి చెక్క నేల తేలింది. పాదం వేసి చూసుకుని, కళ్లు మూసుకుని వాయించాడు.

రెండు నిమిషాలు దాటాయో లేదో అతనికి తెలియదు. విబెక మొదట వేలు గాల్లో గిరగిరా తిప్పిందనీ, తర్వాత చెయ్యి గొంతుకు అడ్డంగా పెట్టి కోసినట్టు చూపించిందనీ, ఆ తర్వాత చెయ్యి దించేసి ఊరికే నిలబడి విన్నదనీ హేగె తర్వాత చెప్పింది. రెండో చరణం పైకి లేచి లేచి, ఎప్పటిలాగే చటుక్కున ఆగింది. ఒక్క క్షణం ఎవరికీ అయిపోయిందని తెలియలేదు. తెలిశాక జుట్టు పెంచిన అయిదుగురూ అందరికన్నా ముందు లేచి నిలబడ్డారు.

విందులో రొయ్యలు పేర్చిన రొట్టెలు, చిన్న గ్లాసుల్లో ఆక్వవిట్ సారా. ప్రేబెన్ చెవులదాకా ఎర్రబడి వచ్చాడు. ఆ పేర్లు కత్తిరించింది నేనే, ఇప్పుడు అర్థమైంది ఓస్మున్ గారూ, ఈసారి వేసే అట్ట మీద ఒక్క పేరూ వదలను, కావాలంటే కొండ తీసేస్తాను అన్నాడు. కొండ ఉంచు బాబూ, కాస్త చిన్నది చెయ్యి అంది హేగె. అతను వెళ్లాక మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, ముప్ఫై ఏళ్ల కాపురం చేశాను. దేశం మొత్తం చూస్తుండగా ఇంకో ఆడదాని పేరు చెప్తావా?"

ఓస్మున్ నవ్వబోయి నవ్వలేకపోయాడు. హేగె కూడా నవ్వు ఆపేసి అతని చేతి మీద చెయ్యి వేసింది.

"చెప్పొద్దన్న పేరే చెప్పావు. ఆవిడ ఊరుకోదు."

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పినట్టు?"

"అబద్ధం రాలేదు హేగె. నోరు తెరిచాను, రాలేదు."

హోటలు గుమాస్తాని అడిగి ఆశ్రమానికి ఫోను చేశారు. నర్సు తీసింది. అందరూ చూశారట, వంటావిడ చప్పట్లు కొట్టిందట. మరి గూరో? గూరో ఒక్క మాట మాట్లాడలేదనీ, కర్ర పట్టుకుని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుందనీ చెప్పింది. ఓస్మున్ ఫోను పెట్టేసి చాలాసేపు దాని దగ్గరే నిలబడ్డాడు. నాన్న పేరు చెప్తానని మాటిచ్చి, వద్దన్న పేరు దేశమంతా చాటాను, ఇక ఆ తలుపు నాకు తెరుచుకోదు అనుకున్నాడు. ఆ ఆలోచనతో అతనికి రొయ్యలూ సయించలేదు, ఆక్వవిట్ కూడా సయించలేదు. రెండోది మాత్రం అంతకుముందెన్నడూ జరగలేదు.

*

మర్నాడు రైలు దిగి, బస్సెక్కి, ఇంటికైనా వెళ్లకుండా సరాసరి ఆశ్రమం ముందు దిగారు. మధ్యాహ్నపు ఎండ కొండ వెనక్కి జారిపోతోంది. తను లేని రెండు రోజుల్లో రోడ్డు తోసినవాడు మూలలు వదిలేశాడని ఓస్మున్ గమనించాడు. దాని మీద విసుక్కోవడానికి కూడా మనసు రాలేదు.

గూరో కిటికీ పక్క కుర్చీలో ఉంది. కాళ్లమీద దుప్పటి, పాదాలకు ఊలు చెప్పులు. హేగె వెళ్లి చెంపకు చెంప ఆనించి మంచం మీద కూర్చుంది. ఓస్మున్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాన్న పేరు చెప్పమన్నాను," అంది గూరో.

"చెప్పాను పెద్దమ్మా."

"నా పేరు వెనక చెప్పావు. నన్ను ముందుకి తోసి ఆయన్ని వెనక నిలబెట్టావు."

ఓస్మున్ చేతిలో ఉన్న కంచు బొమ్మను, ఏం చెయ్యాలో తోచక, కిటికీ దిమ్మె మీద పెట్టి మళ్లీ గుమ్మంలోకి జరిగాడు. ఆమె దాన్ని వేళ్లతో తడిమి చూసి, ఇదేంట్రా, వినడానికి చెవులు కూడా లేవు దీనికి అని పక్కకు జరిపింది.

"పొద్దుట్నుంచి ఒక్క నిమిషం ఊపిరి తీసుకోనివ్వలేదు," అంది తర్వాత. గొంతు మారింది. "వంటావిడ వచ్చి చెయ్యి పట్టుకుని ఊపింది. పక్కగదిలో బోధకుడి కొడుకు ఉన్నాడే, ముసలి పీనుగ, వాడు కర్రలు పట్టుకుని వచ్చి, గూరో నీకు పాటలొచ్చని నాకు తెలీదే అన్నాడు. ఎలా తెలుస్తుంది? ఎవడన్నా అడిగితే కదా. ఎనభై ఆరేళ్లొచ్చాయి. నువ్వు ఏదన్నా పాడు అని నన్ను ఒక్కడంటే ఒక్కడు అడగలేదురా."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు వాటంతట అవే ముడతల్లోకి దారి వెతుక్కున్నాయి. హేగె లేవబోతే వద్దని చెయ్యి చూపించింది.

"లోపలికొచ్చి ఆ తలుపెయ్యి," అంది ఓస్మున్‌తో. "ఆ చివరి బాణీ. వాయించకు, ముందు విను."

ఊలు చెప్పుతో నేలను తట్టుకుంటూ మొదలుపెట్టింది. తడారి తడిరీ. పళ్లు లేవు, ఊపిరి చాలడం లేదు, స్వరం సగం గాలే. అయినా అదే నడక, పాలధార నడక. మొదటి చరణం అయింది. రెండోది ఎత్తుకుని పైకి లేచింది. ఓస్మున్‌కి ఆగే చోటు తెలుసు, యాభై ఏళ్లుగా తెలుసు. అక్కడికి వచ్చింది.

ఆగలేదు. ఊపిరి పీల్చుకుని, తల కొంచెం పక్కకు వాల్చి, అక్కడ ఆవు డొక్క ఉన్నట్టే చెంప వాల్చి, ముందుకి వెళ్లింది. అతను ఎన్నడూ వినని మూడో చరణం, పైనుంచి మెల్లిగా దిగుతూ, మొదటి చరణం గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఓస్మున్ అలాగే మంచం అంచున కూలబడ్డాడు. హేగె చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"ఇది మీ నాన్నగారి దగ్గర లేదన్నావు," అన్నాడు.

"లేదు. అబద్ధం చెప్పలేదు నేను. ఆయన అక్కడే ఆపేసేవాడు. పొయ్యి గుర్తొచ్చేదేమో, గొంతు పూడుకుపోయేది." గూరో దుప్పటి అంచు సర్దుకుంది. "ఆయన పోయిన చలికాలం నేను కట్టాను ఇది. కొట్టంలో, ఒక్కదాన్నే. ఆవులకి తప్ప ఎవరికీ వినిపించలేదు."

"నాకెందుకు నేర్పలేదు పెద్దమ్మా? ఇన్నేళ్లు."

"ఎవరి నుంచి అని చెప్పేవాడివి? నాన్న నుంచి అని చెప్తే అబద్ధం, ఆయన కట్టనిది ఆయనకి అంటగట్టకూడదు. నా పేరు చెప్పనిచ్చే ధైర్యం నాకు లేదు. పేరు లేకుండా ఇవ్వకూడదు కదా. అందుకే ఉంచేసుకున్నాను. నాతోనే పోతుందిలే అనుకున్నాను." కిటికీకేసి తిరిగింది. "నిన్న నువ్వు నోరు జారావు. ఇక దాచి ఏం లాభం?"

ఓస్మున్ ఏడ్చాడు. సిగ్గుపడకుండానే ఏడ్చాడు. గూరో కాసేపు ఏడవనిచ్చి, చాల్లే, నాకు ఊపిరి అయిపోయేలోగా నేర్చుకో అంది. అతను పెట్టె తెరిచి, ఆ బాణీకి కావలసినట్టు తీగలు సవరించి, ఆమె పాడినది వెంబడే వెతుక్కున్నాడు. తప్పు పోయినచోట గూరో కసరడానికి ఆవు లేకపోవడంతో కిటికీ మీది కంచు బొమ్మను కసిరింది. హేగె వెళ్లి కాఫీ తెచ్చింది, అది చల్లారిపోయింది, మళ్లీ తెచ్చింది. బయట దీపాలు వెలిగాయి. మూడో చరణం చివరికి అతని వేళ్లలో కుదిరింది.

"ఇప్పుడు మొత్తం," అంది గూరో.

గదిలో ఉన్నది ముగ్గురే. అయినా ఓస్మున్ లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకుని, పెళ్లివారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. విల్లు ఎత్తి, తీగకు ఆనించకుండా ఆపాడు.

"ఈ బాణీ మొదటి రెండు చరణాలు కుంటి ఐవింద్ నుంచి," అన్నాడు. "మూడోది గూరోది."

గూరో ఊఁ అంది. కర్ర పక్కన పెట్టి, తెల్లజుట్టు చెవుల వెనక్కి సర్దుకుని, ఊలు చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసి చెక్క నేల మీద ఆనించుకుంది.

"వాయించు," అంది.